కన్యకమ్మ డబ్బీ

ఆదోనిలో చంద్రమౌళి సెట్టి ధర్మగుణం గురించి తెలియనివాళ్లు లేరు. తెలియకుండా ఆయన ఉండనిచ్చేవాడు కాదు. చనిపోయిన తల్లి ఒంట్లోంచి తీసిన గుండె యంత్రాన్ని ఒక పేద దూదేకులవాడికి దానం చేసిన మహానుభావుడని పత్తి మార్కెట్లో ఎవరిని కదిపినా చెప్పేవారు. ఆ దానం పుచ్చుకున్నవాడి భార్య లాలాబీని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే ఆమె దగ్గర చాలా మాటలున్నాయి.

కన్యకమ్మ సెట్టి తల్లి. ముసలితనంలో ఆమె గుండె నెమ్మదించి, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోయేది. బెంగళూరు తీసుకెళ్లి, భుజం ఎముక కింద చర్మం లోపల చిన్న లోహపు డబ్బీ ఒకటి పెట్టించారు. దాంతో ఆమె రెండేళ్లు హాయిగా తిరిగి, పంతొమ్మిది వందల ఎనభైలో ఇంకేదో జబ్బుతో పోయింది. డబ్బీలో బ్యాటరీ ఉంటుందనీ, చితి మీద పెడితే పేలుతుందనీ ఊళ్లో డాక్టరు హెచ్చరించాడు. పాడె కట్టేముందు ఆయనే వెనక గదిలో కోసి దాన్ని బయటికి తీశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లాలాబీ మొగుడు ఇస్మాయిల్ దూది ఏకుతూ ఏకుతూ విల్లు మీదే పడిపోతున్నాడు. మాటాడుతున్నవాడు మాటాడుతున్నట్టే పాలిపోయి ఒరిగేవాడు. కాసేపటికి లేచి, ఏమీ జరగనట్టు మళ్లీ దూది అందుకునేవాడు. కన్యకమ్మకు ఉన్న జబ్బే వీడికీ ఉందని అదే డాక్టరు చెప్పాడు. డబ్బీ కడిగి శుభ్రం చేసి ఇంకొకరికి పెట్టొచ్చు, పుణ్యం వస్తుందని సెట్టి చెవిన వేసిందీ ఆయనే. పుణ్యం అనేసరికి సెట్టి ఒప్పుకున్నాడు. బెంగళూరు ఆసుపత్రిలో కొత్త తీగ వేసి, ముసలమ్మ డబ్బీని ఇస్మాయిల్ ఒంట్లో కుట్టారు.

లాలాబీకి ఆ డబ్బీ ఏం చేస్తుందో అర్థం కాలేదు. ఊళ్లో డాక్టరు ఓపిగ్గా చెప్పాడు.

“ఆడేది ఆయప్ప గుండే. అది మొరాయించే ఎద్దనుకో. ఈ డబ్బీ ముల్లుకర్ర. గుండె ఆలస్యం చేస్తే తీగ గుండా చిన్నగా పొడుస్తాది. పొడిస్తే నడుస్తాది.”

“ఎన్నాళ్లు పొడుస్తాది సామీ?”

“లోపల బ్యాటరీ ఉన్నన్నాళ్లు. మూత తీసి మార్చేది కాదది. అయిపోతే డబ్బీనే మార్చాల.”

ఆమెకు అంతవరకు తెలిస్తే చాలు. మొగుడు లేచి తిరుగుతున్నాడు. పరుపులు కుడుతున్నాడు. పెళ్లయిన కొత్తల్లోలాగా వీధి మలుపు దగ్గరే సైకిలు గంట కొడుతున్నాడు. ఆ గంట వినపడితే ఆమెకు కడుపు నిండేది.

కడుపు నిండడానికి మరొక దారి సెట్టి మూసేశాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే ఇద్దరినీ పిలిపించి షరతు పెట్టాడు. “మాయమ్మ జన్మలో నీసు ముట్టలేదు. ఆ డబ్బీ ఉండే ఒంట్లోకి నీసు పోకూడదు. పీరు మీద ఒట్టెయ్యి” అన్నాడు. ఇస్మాయిల్ ఒట్టేశాడు. బతికించినవాడు అడిగితే కాదనేదెట్లా? ఆ ఏడు బక్రీదుకు వీధి వీధంతా మసాలా వాసన కొడుతుంటే అతను చింతపండు చారు పోసుకుని తిన్నాడు. మొగుడు తినంది తనకెందుకని లాలాబీ కూడా మానేసింది. కూర అంటే వాళ్లకు మాంసమే; వాళ్లింటి పొయ్యి మీద మళ్లీ కూర ఉడకలేదు.

అంతటితో అయిందా, కాలేదు. ఏటా కన్యకమ్మ తద్దినం రోజున ఇస్మాయిల్ చొక్కా విప్పుకుని సెట్టి ఇంటి అరుగు మీద కూర్చోవాలి. భుజం కింద ఉబ్బుగా కనపడే చోట సెట్టి ఒక పువ్వు పెట్టి, కళ్లనీళ్లు తుడుచుకుని, ఆ వెంటనే పెరట్లోకి పోయి తలమీద నీళ్లు పోసుకునేవాడు. దూదేకులవాడిని ముట్టుకుంటే మడి పోతుంది కదా. ఆడవాళ్లు గడప లోపలి నుంచి దణ్ణాలు పెట్టేవాళ్లు. చుట్టాలొస్తే ఇస్మాయిల్‌ను పనిలోంచి పిలిపించి చూపించడం కూడా ఉండేది. లాలాబీకి ఒళ్లు మండేది. ఇస్మాయిల్ నవ్వేవాడు.

“పువ్వే గదమ్మే. రాయి పెట్టలేదు గదా” అనేవాడు.

అట్లాగే జరిగిపోయేది. అమెరికా నుంచి ఒక వార్త రాకపోయి ఉంటే జరిగిపోయేదే.

ఎనభై రెండు చలికాలంలో సెట్టి అంగట్లో పరుపు మీద కూర్చుని రేడియో వింటున్నాడు. అరచేతిలో పట్టే చిన్న ట్రాన్సిస్టరు అది. పత్తి ధరల కోసం ఎప్పుడూ చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఆ రోజు వార్తల్లో చెప్పారు: అమెరికాలో ఒక మనిషికి చెడిపోయిన గుండెను కోసి తీసేసి ప్లాస్టిక్ గుండె పెట్టారట. పక్కన బీరువా అంత యంత్రం ఉంటుందట. అది రెండు గొట్టాల్లోంచి గాలి కొడుతుంటే ప్లాస్టిక్ గుండె నెత్తురును తోస్తుందట. గాలి ఆగితే మనిషి ఆగినట్టే. అందుకని ఆయన ఎక్కడికి కదిలినా యంత్రం వెంట కదలాలట. పక్కనే కూర్చున్న పురోహితుడు ఇదంతా విని ముక్కు మీద వేలేసుకున్నాడు.

“అయితే సెట్టీ, గుండె లేకున్నా మనిషి ఉండాడంటే ప్రాణం యంత్రంలో ఉన్నట్టే గదా. యంత్రం ఆడినంతసేపు ప్రాణం కదలదు. మరి మీ యమ్మ యంత్రం ఇంగా ఆడతానే ఉండాదే.”

పని లేని నోరు ఎంత పని చేస్తుందో చూడండి. ప్లాస్టిక్ గుండె వేరు, కన్యకమ్మ డబ్బీ వేరు. అది నెత్తురు తోసేది, ఇది ఊరికే పొడిచేది. డాక్టరును అడిగితే ఒక్క నిమిషంలో తేల్చేవాడు. ఎవరూ అడగలేదు. ఎండలు ముదిరేసరికి సెట్టి పత్తి గోడౌను అంటుకుని సగం కాలిపోయింది. ఆ తర్వాత తల్లి కలలోకి వచ్చి తడిగుడ్డలతో వాకిట్లో నిలబడిందన్నాడు. పురోహితుడు లెక్కలు కట్టి తేల్చాడు: కన్యకమ్మకు దహనం పూర్తి కాలేదు. ఆమె ప్రాణంలో ఒక పాలు దూదేకులవాడి ఒంట్లో కొట్టుకుంటోంది. దాన్ని తీసి తద్దినం నాడు తుంగభద్రలో కలిపితే గానీ ఆ తల్లికి గతి లేదు, ఆ ఇంటికి శాంతి లేదు.

సెట్టి లాలాబీ ఇంటికి స్వయంగా వచ్చాడు. ఆ వీధిలో ఆయన కాలు పెట్టడం అదే మొదలు. నులకమంచం మీద కూర్చుని ఎంతో మెత్తగా మాటాడాడు.

“ఇస్మాయిలూ, మాయమ్మ డబ్బీ పాతబడినాది. అదెప్పుడు ఆగిపోతాదో ఏమో. బెంగళూరులో నీకు కొత్తది పెట్టిస్తా. పాతది నాకిచ్చేయ్.”

ఇస్మాయిల్ తన భార్య ముఖం చూశాడు. అతనికి భయంగా ఉంది. ఆడుతున్నదాన్ని ఎందుకు కదపాలి? కానీ లాలాబీ మనసు ఇంకెక్కడో ఉంది.

“సెట్టీ, కొత్తది పెట్టించుకుంటే ఆయప్ప కూర తినొచ్చునా?”

“కొత్తదాని మీద నాకేం హక్కుంటాది? మీ ఇష్టం” అన్నాడు సెట్టి.

లాలాబీ నెత్తిన పాలు పోసినట్టయింది. పువ్వులు లేవు, దణ్ణాలు లేవు, అరుగు మీద చొక్కా విప్పడం లేదు. మొగుడి ఒంట్లో ఉన్నది మొగుడిదే అవుతుంది. “పోదాం పా” అని ఇస్మాయిల్‌ను తరిమింది ఆమే. శ్రావణంలో తద్దినం, ఆ తర్వాత నెల తిరక్కముందే బక్రీదు. ఈసారి పొట్టేలు మాంసం ఎట్లా వండాలో రైల్లో కూర్చుని మొగుడికి చెప్పుకుంటూ పోయింది.

బెంగళూరు డాక్టరు పరీక్ష చేసి, పాత డబ్బీ నిజంగానే నీరసపడుతోందన్నాడు. బ్యాటరీ తగ్గేకొద్దీ అది పొడిచే వేగం తగ్గుతుందట. ఇంకొక ఏడాది ఆడొచ్చు, ముందే ఆగొచ్చు. మార్చడం మంచిదే. కొత్త డబ్బీ ఏది అని అడిగాడు.

“మద్రాసు నుంచి వస్తాంది. డబ్బు కట్టేసినాను. రేపు పొద్దునకు మీ చేతిలో ఉంటాది” అన్నాడు సెట్టి.

“వచ్చినాకే తీద్దాం.”

“రేపే మాయమ్మ తద్దినం సార్. రేపటికి నేను నది కాడ ఉండాల. ఈ పొద్దు తీసియ్యండి. ఒక్క రాత్రికి ఏమైతాది?”

డాక్టరు చాలాసేపు ఒప్పుకోలేదు. సెట్టి వదల్లేదు. తల్లి అన్నాడు, గతి అన్నాడు, ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగదేమీ కాదు, అదే బాధ. తల్లి మీద ప్రేమ నిజంగా ఉన్నవాడే అంత పని చేయగలడు. ఎటూ తీయాల్సిందే కదా, ఒక్క రాత్రి కదా అని డాక్టరు చివరికి కత్తి అందుకున్నాడు.

ముందు ఇస్మాయిల్ మెడ దగ్గరి నరంలోంచి ఒక సన్నని తీగ గుండెలోకి దించారు. దాని రెండో కొసను మంచం కడ్డీకి కట్టిన సబ్బుపెట్టె లాంటి పెట్టెకు తగిలించారు. అది పొడిచినప్పుడల్లా దాని మీద ఎర్రలైటు మిణుకుమంటుంది. అది ఆడుతోందని చూసుకున్నాకే భుజం కింద కోసి కన్యకమ్మ డబ్బీ బయటికి తీశారు. సెట్టి దాన్ని పసుపు గుడ్డలో చుట్టి, రాగి చెంబులో పెట్టి, చెంబును చంటిబిడ్డలా ఎత్తుకుని రైలెక్కాడు. ఇస్మాయిల్ వైపు తిరిగి చూడటం మరచిపోయాడు.

డాక్టరు లాలాబీతో గట్టిగా చెప్పాడు. “ఈ పెట్టె కొద్దిరోజులకేనమ్మా. తీగ బయటి నుంచి లోపలికి పోతా ఉంది. ఆ దారిలోనే మురికి పోయి సీము పడతాది. తీగ కదిలినా కష్టమే. కొత్త డబ్బీ వస్తే చర్మం లోపల పెట్టి కుట్టేస్తాం. అప్పుడు భయం లేదు.”

మర్నాడు డబ్బీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇస్మాయిల్ మెడ తిప్పకుండా పడుకుని ఎర్రలైటును చూస్తూ ఉన్నాడు. నర్సు మధ్యలో పెట్టె వెనక మూత తీసి చదరపు బ్యాటరీ ఒకటి మార్చి పోయేది. అది సెట్టి రేడియోలో వేసే బ్యాటరీ లాంటిదే. మార్చే ఆ కాసేపు లైటు ఆగిపోతే ఇస్మాయిల్ చెయ్యి లాలాబీ చేతిని నలిపేసేది. వారం తిరిగేలోపు తీగ దూరిన చోట ఎర్రగా వాచింది. ఒళ్లు వెచ్చబడింది. మద్రాసు కంపెనీకి ఫోను చేయించిన డాక్టరు ముఖం మాడ్చుకుని వచ్చాడు. ఆదోని నుంచి ఎవరూ డబ్బీ అడగనే లేదన్నారట.

పక్క మంచం వాళ్లను మొగుడికి కాపలా పెట్టి లాలాబీ ఆదోని రైలెక్కింది. దిగగానే బస్సు పట్టుకుని ముందు ఎమ్మిగనూరు పోయింది. అక్కడ ఆమె అన్న పీరా సాబ్ మగ్గం నేస్తాడు. విషయం విని అతను మగ్గంలోంచి లేచి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

“మగ్గం అమ్మినా ఆ డబ్బీ మూత కూడా రాదమ్మే. పోయి సెట్టి కాళ్ల మీద పడు. నోరు పారేసుకోవద్దు” అన్నాడు.

సెట్టి అంగట్లోనే ఉన్నాడు. గుండు మీద వెంట్రుకలు మొలుస్తున్నాయి. ముఖంలో ఎన్నాళ్లకో శాంతి ఉంది. నాగలదిన్నె దగ్గర నదిలో తల్లిని కలిపి వచ్చాక ఆయనకు కలలు రాలేదు. లాలాబీని చూసి ఆప్యాయంగా పలకరించాడు.

“రామ్మా లాలాబీ. ఎట్లుండాడు ఇస్మాయిలు?”

“జరం సెట్టీ. మెడ కాడ వాసినాది. డబ్బీ ఇంగా రాలేదు.”

“చెబుదామనే అనుకుంటి. గోడౌను కాలిన ఏడు ఇది. చేతిలో డబ్బు ఆడక ఆ పని నిలబెట్టినా. మాట తప్పేవాణ్ణి కాదు, వచ్చే పంటకు చూద్దాం. అంతదాంకా ఆ బయటి పెట్టె ఆడతాండాది గదా?”

“ఆడతాండాది.”

“అది దేంతో ఆడతాది?”

లాలాబీకి అబద్ధం చెప్పడం రాదు. వచ్చి ఉంటే బాగుండేది. “బ్యాటరీతో. నర్సమ్మ మారుస్తా ఉంటాది. ఇదో, మీ రేడియోలో ఏస్తారే, అట్లాటిదే” అంది, పరుపు మీదున్న ట్రాన్సిస్టరును చూపించి.

సెట్టి కళ్లు పెద్దవయ్యాయి. ట్రాన్సిస్టరును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. నిజంగా సంతోషపడ్డాడు ఆ మనిషి.

“ఇంతేనా? దీనికోసరమా ఆ డాక్టర్లు అంత డబ్బు గుంజేది? పనయితే ఒకటే గదా. అది లోపల ఉండి పొడుస్తాది, ఇది బయట ఉండి పొడుస్తాది. ఇదే మేలు, అయిపోతే మార్చుకోవచ్చు.”

“తీగ సెట్టీ. తీగ ఒంట్లోకి పోతాంది. ఆ దారిలో సీము...”

“పసుపు పెట్టు. దేవరగట్టు జాతరలో కర్రలతో కొట్టుకుని తలలు పగిలినోళ్లు పసుపు పూసుకుని నడిచిపోతారు. సూదంత తీగకు భయపడితే ఎట్లా?”

ఆమె కాళ్ల మీద పడింది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. గుమాస్తా జయరాంను బజారుకు పంపి, చదరపు బ్యాటరీలు ఒక అట్టపెట్టె నిండా తెప్పించాడు. పెట్టెను తాడుతో కట్టించి తానే ఆమె చేతిలో పెట్టాడు.

“జన్మంతా చాలుతాయి. మీవోణ్ణి నేను వదిలేస్తినని ఊళ్లో ఎవరూ అనకూడదు” అన్నాడు.

రైల్లో ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని లాలాబీ ఏడవలేదు. ఏం చెప్పి ఉంటే సెట్టి వినేవాడో వెతుక్కుంటూ కూర్చుంది. రేడియో చూపించకుండా ఉండాల్సింది. బ్యాటరీ మాట ఎత్తకుండా ఉండాల్సింది. అసలు ఆ రోజు కూర తినొచ్చునా అని అడగకుండా ఉండాల్సింది. గుంతకల్లు దాటాక ఆమెకు తన మీదే అసహ్యం వేసింది.

ఇస్మాయిల్ ఆమెను గుర్తుపట్టాడు. మందులు ఎక్కిస్తున్నారు, ఒళ్లు కాలిపోతోంది. ఆమె చేతిలోని పెట్టెను చూసి పెదాలు కదిపాడు.

“కూరా?”

“కాదయ్యా. బ్యాటరీలు.”

అతను నవ్వబోయాడు. మెడ కదిలింది, నొప్పికి నవ్వు అక్కడే ఆగింది. కాసేపటికి మెల్లగా అన్నాడు.

“సెట్టి వాళ్లమ్మను పంపిచ్చినాడా?”

“పంపిచ్చినాడు. నదిలో కలిపినాడంట.”

“ఆయమ్మ తోడు ఉన్నన్నాళ్లు బాగుండె” అన్నాడు ఇస్మాయిల్. ఆ తర్వాత అతని మాటలు ఎవరికీ అర్థం కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం, వార్డులో అందరికీ అన్నాలు పెట్టే వేళ, లాలాబీ తడిగుడ్డతో అతని నుదురు తుడుస్తోంది. నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని చూసింది, కనురెప్పలు ఎత్తి చూసింది, డాక్టరును కేకేసింది. డాక్టరు ఛాతీ మీద చాలాసేపు నొక్కి, చివరికి చేతులు తీసేశాడు. లాలాబీ డాక్టరు చెయ్యి పట్టుకుని కడ్డీ వైపు లాగింది.

“పోలేదు సామీ. లైటు సూడు. ఆడతాండాది సూడు.”

నిజమే, లైటు ఆడుతోంది. ముందు ఎట్లా మిణుకుమన్నదో అట్లాగే, తడబాటు లేకుండా మిణుకుమంటోంది. పెట్టె తన పని తాను చేస్తూనే ఉంది, పొడుస్తూనే ఉంది. పొడిస్తే నడవాల్సింది నడవడం లేదు. నర్సు వెనక మూత తీసి బ్యాటరీ ఊడదీస్తే గానీ ఆ ఎర్రలైటు ఆగలేదు. ఆగాక లాలాబీ నోట్లోంచి అరుపు వచ్చింది.

దగ్గరి మసీదువాళ్లు దయతలచి అతన్ని అక్కడే మట్టి చేశారు. ఆమె ఆదోనిలో దిగి ఇంటికి పోలేదు. అట్టపెట్టెతో నేరుగా సెట్టి అంగడికి పోయింది. దారి పొడుగునా ఒక్క మాటనే పదును పెట్టుకుంది. అన్న చెప్పిన జాగ్రత్తలు ఇప్పుడు ఆమెకు అక్కర్లేదు. పోయేది ఇంకేమీ లేదు.

పెట్టెను సెట్టి ముందు దించి నిలబడింది.

“ఇస్మాయిల్ పోయినాడు సెట్టీ. ఆయప్ప పోయినాక కూడా యంత్రం ఆడతానే ఉండె. నా కండ్లతో సూసినా. యంత్రంలో ప్రాణం ఉండదు. మీ యమ్మ పోయిన పొద్దే పోయినాది. ఆ డబ్బీలో ఆయమ్మ లేదు. నువ్వు నదిలో కలిపింది మీ యమ్మను కాదు, నా మొగుణ్ణి.”

జయరాం తల దించుకున్నాడు. సెట్టి ముఖం పాలిపోయింది. మాట తగలాల్సిన చోట తగిలిందనుకుంది లాలాబీ. ఎన్నాళ్ల నుంచో మోస్తున్న బరువు దిగినట్టయింది ఆమెకు.

సెట్టి వంగి అట్టపెట్టె తాడు విప్పాడు. ఒక బ్యాటరీ తీసి నాలుక కొసకు ఆనించి చూశాడు. అనుమానం తీరక ట్రాన్సిస్టరు వెనక మూత తెరిచి, పాతది తీసి, దీన్ని వేశాడు. బటను తిప్పగానే రేడియో ఖంగుమని పలికింది.

“బ్యాటరీలో తప్పేం లేదే. ఆ నర్సు ఏదో తిరగేసి పెట్టింటాది” అన్నాడు ఊపిరి పీల్చుకుని.

లాలాబీ మళ్లీ నోరు తెరిచింది. సెట్టి ట్రాన్సిస్టరును చెవి దగ్గర పెట్టుకుని, ఆమె వైపు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండు,” అన్నాడు, “పత్తి ధర చెప్తాండారు.”